తెగిన చోటే అతుకు

సింగానల్లూరులో ఒకప్పుడు గడియారం లేని యింట్లో కూడా కాలం తెలిసేది. మొదటి సైరనుకు పొయ్యి వెలిగేది. రెండవ సైరనుకు అన్నం క్యారియరు చేతికి అందేది. మూడవది వినబడిందంటే ఆలస్యమైన మనిషి యెవడో తిరుచ్చి రోడ్డు మీద పరుగెత్తుతున్నాడన్నమాట. ఇప్పుడా మిల్లుల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. సైరన్లు మూగవోయాయి. కాని ముప్పైనాలుగేండ్లు ఆ కూతకు లేచిన శరీరం కూత లేకపోయినా లేస్తుంది. మా అక్కగారి భర్త, అనగా మా బావగారు, అటువంటి మనిషి. రింగు ఫ్రేముల దగ్గర సైడరుగా చేరి, అక్కడే తల నెరసి, అక్కడే ఉద్యోగం ముగించుకొన్నారు. నేటికీ ఐదు కొట్టేసరికి లేచి కూర్చుంటారు. అలా లేచిన మనిషి మూడేండ్లుగా ఆ వేళ యేమి చేస్తున్నారో పాఠకులకు చెబుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన కుటుంబాల సంగతి మీకు నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. మనవాళ్లు ఈ గడ్డకు వచ్చి యెన్ని తరాలైందో యిండ్లలో ఎవరూ సరిగా లెక్క చెప్పలేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో ఇంగ్లీషు. నోట తెలుగు నిలిచింది గాని, చేతికీ కంటికీ దూరమయింది. పెండ్లి పత్రిక తమిళంలో అచ్చు వేయిస్తాము; అది చదువుతూ తెలుగులో మాట్లాడుకొంటాము. ఈ మన పత్రిక కూడా చాలా యిండ్లలో ఒక పెద్దాయన చదివి వినిపిస్తేనే చెవిన పడుతుంది. ఆయన ఊళ్లో లేకపోతే బొమ్మలు చూచి ప్రక్కన పెట్టవలసిందే. 2006లో వచ్చిన చట్టంతో ఒకటవ తరగతి నుంచి బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మనకు మంచిదే, ఈ నేల అన్నం తింటున్నవాళ్లం. అయితే తెలుగు అక్షరాలు నేర్పే భారం పూర్తిగా యింటి మీద పడ్డదన్న మాట మాత్రం నిజం. ఇంట్లో నేర్పేవాడు లేకపోతే అంతటితో సరి.

బావగారి తల్లి పెట్టెలో ముప్పైయొక్క పోస్టుకార్డులున్నాయి. ఆమె తమ్ముడు, అంటే బావగారి మేనమామ, చిత్తూరులో ఒక కొట్లో గుమాస్తాగా వుండి అక్కకు తెలుగులో వ్రాసిన కార్డులవి. ఆమెకు చదువు రాదు. వీధి చివర వుండిన ఒక ముసలి పంతులుగారి దగ్గరకు పట్టుకుపోయి చదివించుకొని, పసుపు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకొనేది. పంతులుగారు పోయారు. ఆమె పోయింది. మేనమామా పోయాడు. కార్డులు మాత్రం మిగిలాయి. తల్లి మాసికం నాడు బావగారు ఆ మూట విప్పి, అక్షరాలను వ్రేలితో తడిమి చూచి, మళ్లీ కట్టిపెట్టడం నేను కళ్లారా చూచాను. “నేను చదివి పెడతాను బావా” అన్నాను. చెన్నపట్నంలో చదువుకొన్న రోజుల్లో నాకు తెలుగు వ్రాతకోతలు పట్టుబడ్డాయి. ఆయన తల అడ్డంగా ఊపారు.

“మా అమ్మ పరాయి నోట విన్నది. నేను కూడా అంతేనా?”

అప్పటికే ఆయన రెండు సార్లు తెలుగు నేర్చుకోబోయి విరమించారు. మొదటిసారి ఒక ఆదివారపు తరగతిలో చేరారు. వారానికొకసారి మూడు గంటలు కూర్చోబెట్టి, ఒకేసారి అచ్చులన్నీ బోర్డు మీద వ్రాసిపెట్టారట. తరువాతి ఆదివారానికి ‘అ ఆ’లు తప్ప తక్కినవన్నీ గాలికి పోయాయి. రెండవసారి విజయదశమి నాడు లావుపాటి పుస్తకం కొని, రోజుకు రెండు గంటలని సంకల్పం చెప్పుకొన్నారు. అది తొమ్మిది రోజులు నడిచింది. పదవనాడు బంధువులు వచ్చారు. ఆపైన పుస్తకం మీద దుమ్ము చేరింది.

మూడవసారి ఆలోచన మా అక్కది. తెల్లవారి కాఫీకి ఆమె ఫిల్టరులో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మూత పెడుతుంది. డికాషను చుక్క చుక్కగా క్రిందికి దిగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ బావగారు పెరట్లో పచార్లు చేస్తూ, “అయిందా? అయిందా?” అని ఆమె ప్రాణం తీసేవారు. “ఆ తిరిగేదేదో కూర్చుని ఒక అక్షరం దిద్దుకోండి. డికాషను దిగేలోపల ఎంత వస్తే అంతే” అన్నది. మనవరాలి పలక ఒకటి వుంది. నేను ప్రక్క వీధిలోనే వుంటాను. ప్రొద్దుట నా కాఫీ కూడా అక్కడే. అలా పాఠం మొదలయింది. ఎక్కువ చదవడానికి వీలు లేకపోవడమే ఆ యేర్పాటులోని సొగసు. అక్క గ్లాసులు తెచ్చి పెట్టిందంటే పలక తుడిచేయవలసిందే.

లెక్కకు పది నిమిషాలు చాలా స్వల్పంగా కనిపిస్తాయి. ఏడాదిలో పండుగలూ ప్రయాణాలూ తీసివేసి మూడువందల రోజులనుకొందాం. మూడువేల నిమిషాలు, అంటే యాభై గంటలు. మిల్లు లెక్కలో ఆరు షిఫ్టులు దాటిందన్నమాట. ఆరు షిఫ్టుల పాటు అక్షరాల ముందు కూర్చోమంటే బావగారు మిల్లుకే తిరిగిపోయేవారు! 

దీనికి మిల్లులోనే చక్కని పోలిక వుంది. నలభయ్యో నంబరు నూలు అంటారు కదా. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు నలభై వుంటే అది నలభయ్యో నంబరు. అంటే ఒక్క పౌను ప్రత్తిలోనుంచి 33,600 గజాల నూలు, పందొమ్మిది మైళ్లు. సింగానల్లూరులో కొస పట్టుకొని బయలుదేరితే సుమారు పల్లడం దాకా పరచవచ్చు. రెండు చేతుల్లో పట్టే దూది అది.

మొదటి రెండు నెలలూ అక్షరమాల. బావగారికి తమిళం కొట్టినపిండి కనుక, తమిళంలో లేని అక్షరాల దగ్గరే చిక్కు వచ్చింది. అక్కడ క-వర్గమంతటికీ ఒక్క కకారంతో పని జరిగిపోతుంది. ఇక్కడ ‘క ఖ గ ఘ’ అని నాలుగు. “ఒక్క మనిషికి నాలుగు వేషాలా?” అని కోపగించుకొన్నారు. వొత్తుల దగ్గర మరీ తికమక. తమిళంలో అక్షరం నెత్తిన చుక్క పెట్టి ప్రక్కన రెండవది వ్రాస్తారు. మనం రెండవదాన్ని కాళ్ల క్రింద తగిలిస్తాము. ‘అమ్మ’ అన్న మాటలో మకారానికి మావొత్తు పెట్టడానికి నాలుగు ప్రొద్దులు పట్టింది. పట్టుబడినాడు మాత్రం పలక తుడవనివ్వలేదు. సాయంకాలం దాకా గూట్లో పెట్టుకొన్నారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. గుణింతాలు వచ్చిన తరువాత నాలుగు నెలలపాటు ఆయనచేత అందంగా దిద్దించడమే పనిగా పెట్టుకొన్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చాయి. కాని ఒకనాడు గోడమీద క్యాలెండరు చూపి చదవమంటే నోరు మెదపలేదు. చేతికి వచ్చింది, కంటికి రాలేదు. రోజూ చేయడం ఒక్కటే చాలదు. చేరవలసిన చోటికి దారి తీసే పని చేయాలి. కార్డులు చదవడం మా గమ్యమైతే, మేము అంతవరకు చదవడమే చేయలేదు! ఆ మర్నాటినుంచి పలక ప్రక్కన పెట్టి, రోజుకు ఒక్క వాక్యం చదివించడం మొదలుపెట్టాను. పంచాంగం, పాత పత్రికలు, అగ్గిపెట్టె మీది మాట, దొరికిందల్లా.

మొదటి యేడాది చివర అసలు గండం వచ్చింది. మా యింట్లో పెండ్లి. దాని వెనుకే బావగారికి జ్వరం. మొత్తం మీద ఇరవైరెండు రోజులు పాఠం లేదు. ఇరవైమూడవ నాడు కాఫీకి వెళ్తూ నేను మనసులో ఆశ వదులుకొన్నాను. మనిషి అరుగు మీద పుస్తకం తెరుచుకొని కూర్చుని వున్నారు.

“మొదటినుంచి చూద్దామా బావా? మరిచిపోయి వుంటారు” అన్నాను.

“మొదటినుంచా? ఎందుకు?” అన్నారు. “బామ్మర్దీ, నువ్వు రింగు ఫ్రేము చూడలేదు గనుక ఆ మాట అంటున్నావు.”

అప్పుడు ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే వ్రాస్తాను. “ఒక్కొక్క ఫ్రేముకు సుమారు నాలుగు వందల కదుళ్లు. కదురు తిరుగుతూనే వుంటుంది. పైన రోలర్ల మధ్యనుంచి దూది సన్నగా వస్తూనే వుంటుంది. ఎక్కడో ఒకచోట పోగు తెగుతుంది. తెగిందంటే ఆ వచ్చే దూదంతా వేస్టు. అప్పుడు సైడరు ఫ్రేమంతా ఆపడు. బాబిను విప్పి మొదటినుంచి చుట్టడు. ఆ ఒక్క కదురునే ఆపి, బాబిను మీద తెగిన కొస వెదికి, ట్రావెలరులో దూర్చి, పైకి తెచ్చి, రోలరు నోట్లోనుంచి వచ్చే దూదికి తాకించి వదిలేస్తాడు. తాకీ తాకగానే అదే పురి పట్టుకొంటుంది. రెండు మూడు క్షణాల పని. తెగని నూలు ఏ మిల్లులోనూ లేదు. తెగిందని సైడరును ఎవరూ తిట్టరు. తెగి వుండగా చూచి ఊరకపోతేనే తిడతారు.”

ఆ పైన, “నేను ఆగింది ‘క్ష’ దగ్గర. ఆ పేజీ తియ్యి” అన్నారు.

ఆదివారపు తరగతిలోనూ, లావుపాటి పుస్తకంతోనూ యెందుకు చెడిందో నాకప్పుడు తెలిసింది. రోజు తప్పినందువల్ల కాదు. తప్పిన రోజును పెద్ద అపరాధంగా తలచి, మొత్తం బాబిను పారవేసినందువల్ల.

ఈ సంగతి శాస్త్రం కూడా వేరే దారిన తేల్చింది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు 1885లో జ్ఞాపకశక్తిని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. తన మీదనే తాను ప్రయోగాలు చేసుకొన్న మనిషి. అర్థం లేని మాటలు వల్లెవేసి, ఎన్నిసార్లు వల్లిస్తే ఎంత నిలుస్తుందో లెక్క కట్టాడు. ఒకే రోజు 68 సార్లు వల్లించినదీ, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లించినదీ సమానంగా నిలిచాయట. అంటే విడివిడిగా చదివినవాడికి దాదాపు సగం శ్రమ మిగిలింది. ఇక లండనులో యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధన వుంది. 96 మందిని ఒక్కొక్క చిన్న అలవాటు ఎన్నుకోమని, పన్నెండు వారాలు గమనించారు. అలవాటు ఒంటబట్టడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు. ఇరవైయొక్క రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చెప్పేవారి మాట నమ్మి నిరాశపడినవారు ఈ అంకెలు గుర్తుంచుకొంటే మంచిది. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు కనుగొన్నారు. బావగారికి ఇది చెబితే, “దానికి లండను పోవాలా?” అన్నారు.

బావగారి అరుగు మీద ఇంకొక ప్రసంగం తరచు వస్తుంది, జి.డి. నాయుడుగారిది. మనకు ఇరుగుపొరుగు మనిషి; సూలూరు ప్రక్కనున్న కలంగల్‌లో 1893 మార్చి 23న పుట్టారు. మన తెలుగు కుటుంబమే. అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల వంతెన కట్టి 2025లో దానికి ఆయన పేరే పెట్టారు గనుక, నేటి పిల్లలకు కూడా పేరు తెలుసు. ఆయన కథను అందరూ ఒకేలా చెబుతారు. పల్లెటూరి కుర్రవాడు, బడి అంటే గిట్టదు, ఒక దొర రడ్జ్ మోటారు సైకిలు మీద రావడం చూచాడు, దాన్ని కొన్నాడు, విప్పి బిగించాడు, మహా యంత్రజ్ఞుడయ్యాడు. చెప్పేవాళ్లు ‘చూచాడు’కూ ‘కొన్నాడు’కూ మధ్య ఊపిరి కూడా తీసుకోరు. కాని ఆ రెండు మాటల మధ్య సుమారు మూడేండ్లు వున్నాయి. కోయంబత్తూరులో ఒక హోటలులో సర్వరుగా చేరి, ఎంగిలి బల్లలు తుడిచి, జీతం కూడబెట్టిన మూడేండ్లు. బండి ఖరీదు మూడు నాలుగు వందల రూపాయలు. రోజుల మీద పంచి చూస్తే నాలుగణాల నుంచి ఆరణాల దాకా పడుతుంది. హోటలు సర్వరుకు అది ఒకరోజు మిగల్చడం కష్టం కాదు. వెయ్యి రోజులు మిగల్చడం కష్టం. ప్రతిదినం చేతిలో నాణెం వుంటుంది, ప్రతిదినం దానికి ఏదో ఒక అక్కర వుంటుంది.

బండిని ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగించిన తరువాత కూడా ఆయన నూలు తెగకుండా సాగలేదు. తిరుప్పూరులో ప్రత్తి మీద సంపాదించినది బొంబాయి ప్రత్తి బేరంలో పోయింది. తిరిగి వచ్చి, 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. మొదట్లో తామే నడిపారు. కొద్ది యేండ్లలో ఆ ఒక్క బస్సు యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీళమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. 1974 జనవరి 4న కన్నుమూసే దాకా ఆయన ఏదో ఒకటి విప్పుతూ, బిగిస్తూనే వున్నారు. ప్రతిభ లేదని నేననను. ప్రతిభ మనకు లేదు గదా అని మనం చేతులు కట్టుకోవడానికి మాత్రం ఆ కథ పనికిరాదు. మొదటి మూడేండ్లలో ఆయన చేసిన పనికి ప్రతిభ అక్కరలేదు.

రెండవ యేడు బావగారికి మాటల అర్థాలతో పని పడింది. పుస్తకాల తెలుగులో మన యింట వాడని మాటలు చాలా వున్నాయి. బ్రౌణ్యం తెచ్చి యిచ్చాను. ఆ బరువు చేతిలో తూచి, “ఇది ఎవరు చేశారు?” అన్నారు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. అప్పటికి ఆయనకు తెలుగు అంతంతమాత్రం. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. ముప్పైరెండేండ్లు. కచేరీ పని చేసుకొంటూ, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, వ్రాతప్రతులు సేకరించి, సరిచూపించి చేసిన పని అది. పేరు అట్ట మీద ఒకరిదే అయినా, అందులో పేరు రాని పండితుల శ్రమ కూడా వున్నదని బావగారికి చెప్పాను. “సైడర్ల పేరు నూలు మీద వేస్తారా?” అన్నారాయన.

మూడవ యేడు కార్డుల మూట విప్పాము. అచ్చు చదివే కంటికి చేతివ్రాత మళ్లీ క్రొత్త భాషే. మేనమామగారిది గొలుసుకట్టు వ్రాత. తలకట్టుకూ గుడికీ తేడా తెలియదు. కొన్నిచోట్ల సిరా వెలిసింది. మొదటి కార్డుకు పదకొండు ప్రొద్దులు పట్టింది. నాకు తెలిసిన మాటను కూడా నేను అందించకూడదని ఆయన షరతు. రెండవదానికి ఎనిమిది పట్టింది. అందులో వున్నదేమీ రామాయణం కాదు. చిత్తూరులో వానలు, బియ్యం ధర, ఎవరిదో పెండ్లి, ఆవు ఈనిన సంగతి. అయినా ఒక్కొక్క కార్డు అయిపోయిననాడు బావగారు పూర్తి పాఠం గట్టిగా పైకి చదివేవారు. అక్క వంటింట్లోనుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినేది.

పోయిన నెలలో పన్నెండవ కార్డు. బడికి సెలవులు కావడంతో మనవరాలు కూడా అరుగు మీద కూర్చుంది. ఈ పిల్ల రోజూ ప్రక్కన కూర్చుని కూర్చుని, ఎవరూ నేర్పకుండానే సగం అక్షరాలు గుర్తుపడుతోంది. బావగారు వ్రేలు పెట్టి చదువుతున్నారు. అక్క క్షేమం అడిగాడు. బావ క్షేమం అడిగాడు. తరువాత, చిన్నవాడికి దగ్గు తగ్గిందా, రాత్రులు నిద్రపోతున్నాడా అని వ్రాశాడు. తగ్గకపోతే వెంటనే ఎవరిచేతనైనా కార్డు ముక్క వ్రాయించమనీ, సెలవు యివ్వకపోయినా తాను వచ్చి పట్నం ఆస్పత్రికి తీసుకుపోతాననీ, ఖర్చు సంగతి బావతో అనవద్దనీ వ్రాశాడు. అక్కడ బావగారి వ్రేలు ఆగిపోయింది. తెలియని అక్షరమేదో వచ్చిందనుకొని నేను ముందుకు వంగాను. అన్నీ తెలిసిన అక్షరాలే.

“ఎవరు తాతా ఆ చిన్నవాడు?” అన్నది పిల్ల.

“నేనే” అన్నారు బావగారు.

అక్క కాఫీ గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టింది. బావగారు కార్డును పసుపు గుడ్డలో, చదివినవాటి వైపు పెట్టారు. ఇంకా పందొమ్మిది వున్నాయి.